నెట్టుకొస్తున్నామండీ

బెరిల్ హెప్‌వర్త్ తన మంచి కోటు వేసుకొచ్చింది.

నీలం రంగుది. పెళ్లిళ్లకీ చావులకీ తప్ప అది బీరువా దిగదు. ఇంగ్లండులో మా యార్క్‌షైర్ వాళ్ల బుద్ధే అంత. సాయం అడగడానికి వెళ్లేటప్పుడు సాయం అక్కర్లేనట్టు తయారవుతాం.

నేను మా ఊరి కౌన్సిల్లో గుమాస్తాని. మీటింగుల్లో ఎవరేమన్నదీ మినిట్స్‌లో రాయడం నా పని.

ఆ ఏడాది ప్రభుత్వం కొత్త రూలు తెచ్చింది. కౌన్సిల్ కట్టించిన అద్దె ఇళ్లల్లో ఉండేవాళ్లకి ఒక పడగ్గది ఎక్కువుంటే, అద్దె కట్టుకోడానికి ప్రభుత్వమిచ్చే సాయంలో కోత. మొగుడూ పెళ్లాలకి ఒక్క గది చాలట. తక్కువైంది కట్టుకోలేకపోతే చిన్న ఇంటికి పోవాలి.

ఆ రూలు జనం మీద ఎలా పడుతోందో విచారించడానికి మా కౌన్సిల్ ఒక సంఘం వేసింది. ఏడుగురు సభ్యులు. ఇబ్బందిలో ఉన్నవాళ్లు వచ్చి మూడు నిమిషాలు చెప్పుకోవచ్చు. ఆ మినిట్స్ పైకి వెళ్తాయి. ఎవరికి ప్రత్యేక సాయమిచ్చి ఉన్న ఇంట్లోనే ఉండనివ్వాలో పైవాళ్లు తేలుస్తారు.

వాళ్లు మనుషుల్ని చూడరు. నా రాత చూస్తారు.

లోపలికి పిలిచేముందు వరండాలో బెరిల్ తన మొగుడి సంగతంతా నాకు చెప్పింది. చిన్నప్పుడు మా బళ్లో మధ్యాహ్నం భోజనం వడ్డించిన మనిషి. నా దగ్గర ఆవిడకి మొహమాటమేముంది.

"మా డెరెక్‌కి ఆక్సిజన్ మిషను పెట్టారు, క్రెయిగ్. ఊపిరితిత్తుల నిండా ఆయన పనిచేసిన ఆ రంగుల మిల్లు విషమే. రాత్రంతా అది గురగురమంటానే ఉంటది. ఆయన దిండ్లకి ఆనుకుని కూర్చునే నిద్రపోతాడు. నేను పక్క గదిలో కాస్త నడుం వాల్చబట్టి పొద్దున్నే లేచి ఆయనకి చెయ్యగలుగుతున్నా. ఆ గది ఎక్కువంటారేంటి నాయనా?"

"వేరే ఇల్లు చూపించారా?"

"తొమ్మిదో అంతస్తులో. ఆ లిఫ్టు సంగతి నీకు తెలీనిదా?"

"ఇదే లోపల చెప్పండి. ఒక్క ముక్క తగ్గించకుండా."

"చెప్తాలే. అక్కడికెళ్తే నోరు పడిపోద్దా ఏంటి?"

పడిపోయింది.

అధ్యక్షుడు అక్రాయిడ్ మంచివాడే. దగ్గరుండి కుర్చీ వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు.

"చెప్పండమ్మా. కొత్త రూలొచ్చాక ఎలా ఉంది మీకు?"

బెరిల్ ఏడుగురి మొహాలూ చూసింది. గొంతు సవరించుకుంది.

"పర్లేదండీ. నెట్టుకొస్తున్నాం."

మా వీధుల్లో కాలు విరిగినవాడూ అదే అంటాడు, మొగుణ్ణి మట్టిచేసి వచ్చిన ఆడదీ అదే అంటుంది. ఇక నా వల్ల కాదని దానర్థం. అక్రాయిడ్ పుట్టింది కూడా ఆ వీధుల్లోనే. గుచ్చి గుచ్చి అడుగుతాడనుకున్నాను.

"ఇంకేమైనా చెప్తారా?" అన్నాడు.

"మాకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు కదండీ. ముందు వాళ్లని చూడండి."

రెండు నిమిషాలకు పైగా మిగిలిపోయాయి.

'ఆ గది ఎందుకో అడగండి' అని చీటీ రాసి అధ్యక్షుడికి అందించొచ్చు. గుమాస్తాకి ఆపాటి హక్కుంది. రాశాను కూడా. ఇవ్వాలా వద్దా అని నేను నాన్చుతుండగానే ఆవిడ అందరికీ థాంక్స్ చెప్పి లేచింది.

మినిట్స్‌లో ఇలా రాశాను: "తాము నెట్టుకొస్తున్నామని శ్రీమతి హెప్‌వర్త్ తెలిపారు."

అక్షరం పొల్లుపోకుండా రాస్తానని నాకు పేరు. ఆ పేరుని ఇప్పటికీ తిట్టుకుంటాను.

నెల తర్వాత మళ్లీ మీటింగు. పాత మినిట్స్ సరిగ్గా ఉన్నాయని సభ్యులు ఒప్పుకుంటేనే అవి పైకి పోతాయి. ముందురోజు సాయంత్రం ఆ కాగితం పట్టుకుని బెరిల్ ఇంటికి వెళ్లాను. పై గదిలో డెరెక్ దగ్గుతున్నాడు. ఆవిడ టీ పెట్టింది. వద్దన్నా బిస్కెట్లు కూడా తెచ్చింది.

"ఇది నేననలేదు అనండి చాలు. తప్పు నాదేనని దిద్దేస్తాను. వరండాలో మీరు చెప్పిందంతా ఎక్కిస్తాను."

"నీ ఉద్యోగానికి ఎసరు రాదూ?"

"అది నా గొడవ."

కళ్లజోడు పెట్టుకుని చదివింది. రెండోసారీ చదివింది.

"అన్నాను కదా నాయనా. అన్నమాట అనలేదని ఎట్టా అంటాను?"

"ఇల్లు పోతుందమ్మా."

"తెలుసు." కాగితం మడిచి నా చేతికిచ్చింది. "అంతమంది ముందు ఏడవకూడదనుకున్నా. నోరు తెరిస్తే ఏడుపే వచ్చేట్టుంది. అందుకని ఆ ముక్క అనేశా."

"పోనీ రేపొచ్చి వెనకాల కూర్చోండి. సవరణలున్నాయా అని అడుగుతారు. అప్పుడు చెయ్యెత్తండి. మిగతాది నేను చూసుకుంటా."

వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

వచ్చింది. వెనక వరసలో, చివరి కుర్చీలో కూర్చుంది.

"పోయినసారి మినిట్స్‌కి సవరణలేమైనా ఉన్నాయా?" అడిగాడు అక్రాయిడ్.

నేను ఆవిడ వైపే చూశాను. ఆవిడ తిన్నగా ముందుకు చూస్తూ కూర్చుంది. లోపల దేవుడా దేవుడా అనుకుంటూ, కావాలని నాలుగు కాగితాలు అటూ ఇటూ తిరగేశాను.

"లేవు కదా. అయితే రాసింది నిజమేనని ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

ఏడు చేతులు లేచాయి.

వెనక వరసలో, నెమ్మదిగా, ఇంకొకటి లేచింది.

బయటివాళ్ల చెయ్యి లెక్కలోకి రాదు. ఏకగ్రీవంగా ఆమోదించారని రాశాను.