అవతలి కొస

సినిమా సెట్లకు ఎన్నో పడవలు చేశాను. ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటి వెనక, మాకంటూ చేస్తున్నది ఇదొక్కటే. మనకూ ఒకటి చేద్దామని తమ్ముడు ఐలయ్య అడుగుతూ అడుగుతూనే చనిపోయాడు. ఏడాదవుతోంది.

వేడినీళ్లతో తడిపిన ప్లైవుడ్ షీటును ఒక కొసన పడవ చట్రానికి స్క్రూలతో బిగించి, మెల్లగా వంచాను. అవతలి కొసను ఇంకొకరు అదిమి పట్టకపోతే అది ఎగిరి లేస్తుంది. అది ఐలయ్య పని. ఒకసారి జారవిడిస్తే, "పట్టుకొనుడు గూడ రాదారా నీకు?" అని పదిమందిలో తిట్టాను.

ఈ రాత్రి నేను చేతులు తీశాను. కొస లేవలేదు. హైటెక్ సిటీ దీపాల వెలుగులో అక్కడ ఎవరూ కనిపించలేదు.

"ఐలయ్యా, చేతులు గుంజుతున్నయారా?"

చెక్క కిర్రుమంది.

ఆ కొసనా రెండు స్క్రూలు బిగిస్తే వాడు వదిలేసి వెళ్లిపోతాడు. స్క్రూలు పిడికిట్లోనే పెట్టుకుని కూర్చున్నాను.