ఎముక దగ్గర పచ్చి

"మళ్ళీ ఎముక దగ్గర పచ్చిగానే ఉంది, వెరా" అన్నాడు ఇలారియోన్, కోడి తొడ ముక్కను ఫోను ముందుకు తెచ్చి.

వెరోనికా తన ఫోనును కళ్ళకు దగ్గరగా జరుపుకుంది. పైకి ముక్క ఉడికినట్టే ఉంది. కోసిన చోట మాత్రం ఎర్రటి నీరు.

"పిల్లలు తినలేదు కదా?"

"లేదు లేదు. ముందు నేనే కోసి చూశాను."

ఆదివారం మధ్యాహ్నం. ఇటలీలో, పదోవా ఊళ్ళోని ఆ పార్కులో ఏ బెంచీ మీద చూసినా వెరోనికాలాగే పనికోసం వచ్చిన మొల్దోవా ఆడవాళ్ళే. వారమంతా ఇక్కడి ముసలమ్మలకు మందులిచ్చి, స్నానాలు చేయించి, సెలవు దొరికే ఈ రెండు గంటల్లో ఫోన్లలోనే ఇళ్ళకు వెళ్ళొస్తారు.

"మైక్రోవేవ్‌లో ఎంతసేపు పెట్టావు?"

"పది నిమిషాలు. ఫుల్లులో."

"నీ తలకాయ! పోయిన నెలే కదా మొత్తుకున్నాను? ఫుల్లులో పెడితే పైన తోలులా బిగుసుకుపోతుంది, లోపలికి వేడి చేరదు. సగానికి తగ్గించు. ముక్క లావు వైపు పళ్ళెం అంచుకు రావాలి, సన్న వైపు మధ్యలోకి. మూత పెట్టు, ఆవిరి పోయేలా కాస్త సందు ఉంచు."

"ఏ వైపు అంచుకు?"

"లావు వైపు! లావు వైపు!"

పక్క బెంచీ ఆవిడ తలతిప్పి నవ్వింది. వెరోనికా గొంతు తగ్గించింది.

"సగంలో ఆపి ముక్క తిరగెయ్యి. అయిపోయాక వెంటనే మూత తియ్యకు, ఐదు నిమిషాలు అలా వదిలెయ్యి. ఆ వేడికి లోపల మగ్గుతుంది. అప్పుడు ఎముక దాకా కొయ్యి. తేట నీరు వస్తేనే పిల్లలకు పెట్టు. ఎర్రగా వచ్చిందా, మళ్ళీ లోపలికే."

"ఉండుండు, రాసుకుంటాను. పెన్నేదీ..."

ఫోనును బల్ల మీద నిలబెట్టి వెళ్ళాడు. పెన్ను దొరకడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ ఆమె తన వంటింటినే చూస్తూ కూర్చుంది. కిటికీ అంచున సోయకూర కుండీ. మేకుకు వేలాడుతున్న తన పాత ఏప్రన్. దాని వాసన ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. తెలియకుండానే గట్టిగా ఊపిరి పీల్చింది. పార్కులో అప్పుడే కోసిన గడ్డి వాసన తప్ప ఇంకేమీ రాలేదు.

"దొరికింది. చెప్పు, లావు వైపు మధ్యలోకి కదూ?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కిందటి ఆదివారం బంగాళాదుంపలకు గాట్లు పెట్టకుండా పెట్టేశాడు, అవి పేలి లోపలంతా అంటుకున్నాయి. అంతకుముందు ఆదివారం పెళ్ళినాటి బంగారు అంచు పళ్ళెం పెట్టాడు, నిప్పురవ్వలు లేచాయి.

"ఇక చాలు ఇలారీ. నీ వల్ల కాదు. రేపటి నుంచి మీకు పక్కింటి ప్రొఫిరా పిన్ని వండుతుంది, నేను అడుగుతాను."

అతని మొహం వాడిపోయింది. "ఎందుకు? నేర్చుకుంటున్నానుగా."

"పదకొండు నెలలుగా నేర్చుకుంటున్నావు! పచ్చి కోడి తిని పిల్లలకేమైనా అయితే నేనిక్కడి నుంచి ఎగిరి రాగలనా?"

అతను కాగితం మడిచాడు. మళ్ళీ విప్పాడు.

"సరే. నీ ఇష్టం."

"ఇంకేంటి?"

"ఏముంది. అంతా బాగానే ఉంది."

"ఇక్కడా అంతే."

ఆ తర్వాత ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచలేదు. ఫోను పెట్టేశాక, నల్లబడిన తెర మీద తన మొహమే కనిపిస్తే, దాన్ని అరచేత్తో తుడిచేసి, సొంతూరు సొరోకాలోని తమ పొరుగింటికి ఫోను కలిపింది.

"వెరోనికా! ఎన్నాళ్ళైందే పిల్లా నీ గొంతు విని!" అంది ప్రొఫిరా.

"పిన్నీ, మీకో శ్రమ. మీ కోసం వండుకునేటప్పుడు మావాళ్ళకూ ఇంత వండి పెడతారా? మా ఆయన వంట తింటే పిల్లలు మంచం పట్టేలా ఉన్నారు."

అవతల ముసలావిడ పడీపడీ నవ్వింది.

"నేను మీ ఇంటికి వండటమేమిటే? చెయ్యి విరిగి మూడు నెలలుగా కట్టుతో ఉన్నాను. నాకు పూటపూటా తిండి పంపుతున్నది మీ ఆయనే! అంతా ఆ మైక్రోవేవ్‌లోనే. మొక్కజొన్న సంకటి ఒక్క ఉండ కట్టదు. కోడి అయితే ఎముక ఇలా లాగితే ఊడొచ్చేస్తుంది."

"మరి ఇందాక నా కళ్ళతో చూశానే, పచ్చిగా..."

"చూస్తావు, ఇవాళ ఆదివారం కదా. పొద్దున్నే పిల్లలకు శుభ్రంగా వండి పెడతాడు. ఒక్క ముక్క పక్కన దాచి, నువ్వు ఫోను చేసే వేళకు దాన్ని పాడుచేస్తాడు. ఉండబట్టలేక ఓసారి అడిగాను, ఎందుకయ్యా ఈ వేషాలు అని."

"ఏమన్నాడు?"

"'అన్నీ బాగానే కుదిరాయని చెబితే, రెండు నిమిషాల్లో ఫోను పెట్టేస్తుంది పిన్నీ' అన్నాడు."