లోపలి గుడ్డ

"మీ మిషనే పాడైంది డాక్టరుగారూ!" తూకం మీంచి దిగుతూ అన్నాడు భర్త. "మా ఆవిడ టైలరు. రెండేళ్ళ కిందట కుట్టిన ప్యాంటిది. ఇప్పటికీ నిన్న కొలిచి కుట్టినట్టుంది. మరి పన్నెండు కిలోలు ఎక్కడ పెరిగినట్టు?"

"షుగరూ పెరిగిందండీ. నడవమన్నాను, నడిచారా?"

"ఒళ్ళు పెరిగితే కదా నడవడానికి!"

పక్కన కూర్చున్న భార్య తల దించుకుంది. ప్యాంటు బిగుతైన రోజున ఆయన అన్నం ముందు మొహం వేలాడేసుకుని కూర్చునేవాడు. అది చూడలేక, ఆయన స్నానానికి వెళ్ళగానే వెనక కుట్టు విప్పి, లోపల మడిచిన గుడ్డ అరంగుళం వదిలి, మళ్ళీ కుట్టేసేది. ఒక్కసారే అనుకుంది మొదట.

"నమ్మకపోతే చూసుకోండి!" ఆయన వెనక్కి తిరిగి, నడుము పట్టీ మడిచి చూపించాడు.

డాక్టరు కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఇక్కడ పాత సూది చిల్లులు మూడు వరసలున్నాయే!"

ఆయన మెల్లగా భార్య వైపు తిరిగాడు. అరుస్తాడనుకుంది. అరిచినా బాగుండేది.

"లోపల ఇంకా ఎంత గుడ్డ ఉంది?" అనడిగాడు, చిన్నపిల్లాడిలా.

"ఇంక లేదండీ," అంది.