తప్పంతా స్కోపుదే

"ఇందులోంచి చూస్తే అంతా పచ్చగా కనిపిస్తోంది," అన్నాడు హెల్మర్, తుపాకీకి బిగించే మూడో స్కోపును కూడా బల్ల మీద పెట్టేస్తూ.

"అడవి పచ్చగా కాక ఎర్రగా ఉంటుందా?" అంది దుకాణం నడిపే రాగ్నిల్డ్.

అల్వార్‌కి నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు. చెల్లెలి మొగుడైన హెల్మర్‌ని బతిమాలి ఇక్కడికి లాక్కొచ్చింది తనే. వేట రోజులు దగ్గర పడుతున్నాయి మరి.

స్వీడన్ ఉత్తరాన ఆ లోయలో శరత్తు వచ్చిందంటే ఆడా మగా అందరూ మూస్ దుప్పి వేటకు బయల్దేరాల్సిందే. ఎవరి మంచె వాళ్ళది. కుక్క తరిమిన దుప్పి ఎవరి ముందుకొస్తే వాళ్ళు కాల్చాలి. హెల్మర్ ముందుకు అది ఏటా వచ్చేది. ఏటా క్షేమంగా వెళ్ళిపోయేది. ఒక ఏడు అద్దానికి ఆవిరి పట్టిందన్నాడు. ఒక ఏడు ఎండ కళ్ళలో పడిందన్నాడు. నిరుడు దుప్పి మరీ పెద్దగా కనిపించి, ఏది తలో ఏది తోకో తెలియలేదన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా స్కోపుదే.

జట్టు పెద్ద స్టూరెకు ఓపిక నశించింది. "ఈసారి కూడా నీ తుపాకీ పేలలేదనుకో, జట్టులో నీ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాం," అని అందరి ముందూ చెప్పేశాడు. కాదన్నవాళ్ళు లేరు.

హెల్మర్ కంటే అల్వార్‌కే ఎక్కువ గుబులు పట్టుకుంది. వేటంటే అతనికి దుప్పి ఒక్కటే కాదు. నెగడు దగ్గర బావ కాచే కాఫీ, బావ కోసే కోతలు, కుక్కతో బావ పడే పోట్లాటలు. అవన్నీ పోతే మిగిలేది స్టూరె ఉపన్యాసం. తలుచుకుంటేనే ప్రాణం ఉసూరుమంటోంది.

ఇక లాభం లేదని అల్వారే బేరంలోకి దిగాడు.

"వానలో ఆవిరి పట్టదు కదా?"

"పట్టదు."

"మసక చీకట్లో?"

"దుప్పి కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు."

"మరి దూరం? కొండ మీంచి చిత్తడినేల ఒడ్డు దాకా?"

రాగ్నిల్డ్ వింతగా చూసింది. "హెల్మర్ మంచె నాకు తెలీదా అన్నా? అక్కడ దుప్పి తుమ్మితే తుంపర్లు మీద పడతాయి. దానికింత దూరపు స్కోపెందుకు?"

"ఉండనీ అమ్మా. లేకపోతే రేపు దూరమైపోయిందని ఇంకో సాకు చెప్తాడు."

"నేనిక్కడే ఉన్నాను బావా," అన్నాడు హెల్మర్.

"ఉన్నావనే అంటున్నా. రాగ్నిల్డ్, అవే రెండివ్వు. నా తుపాకీకి కూడా బిగించు. నాకు కనపడ్డది ఈయనకెలా కనపడదో చూస్తాను."

హెల్మర్ మొహం వాడిపోయింది. చెప్పుకోవడానికి సాకు కూడా మిగల్లేదు.

ఆ తర్వాత వీలున్నప్పుడల్లా బావా బావా కలిసి గురి నేర్పే మైదానానికి వెళ్ళారు. ఎక్కడో దూరాన నిలబెట్టిన పలకలకు నడిబొడ్డున చిల్లులు పడ్డాయి. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకుని, స్కోపంటే ఇలా ఉండాలన్నారు.

వేట మొదలైన రోజు పొద్దున మంచు తెర విడిపోయింది. హెల్మర్ తన పాత చోటనే, చిత్తడినేల అంచున ఉన్న మంచె ఎక్కాడు. అల్వార్ ఎదురు కొండ మీది మంచె ఎక్కాడు. కుక్క మొరుగుడు దగ్గరైంది. కొమ్మల్ని విరుచుకుంటూ మగ దుప్పి బయటికొచ్చింది. అలవాటు తప్పకుండా తిన్నగా హెల్మర్ వైపే నడిచింది. అతని మంచెకు బాగా పక్కగా, రాతిగుట్ట ముందు ఆగి, తాపీగా ఆకులు నమలసాగింది.

హెల్మర్ నారింజరంగు టోపీ కదల్లేదు.

"కాల్చు బావా, నీకు పుణ్యముంటుంది," అని గొణుక్కున్నాడు అల్వార్. దుప్పి తల ఎత్తింది. నాలుగంగలు వేస్తే పొదల్లోకి మాయమైపోతుంది. దాంతో పాటే హెల్మర్ చోటూ పోతుంది.

టోపీ అప్పటికీ కదల్లేదు. అల్వార్ ఊపిరి బిగబట్టాడు.

ధాం!

ఆ లోయలో ఒక్క దెబ్బ పేలితే నాలుగు దిక్కులా పేలినట్టుంటుంది. దుప్పి రెండడుగులు తూలి కుప్పకూలింది.

"ఎవరిదిరా అది?" చేతి రేడియోలో స్టూరె కేక.

అల్వార్ తన రేడియో అందుకున్నాడు.

"హెల్మర్ ముందు పడింది. నా కళ్ళారా చూశాను," అన్నాడు అల్వార్.

ఆ వెనకే హెల్మర్ గొంతు సన్నగా వినిపించింది. "అవును... నా ముందే పడింది."

నెగడు దగ్గర ఆ రోజు పండగే. కూల్చినవాడికే దుప్పి నాలుక దక్కాలన్నది వాళ్ళ ఆచారం. స్టూరె స్వయంగా తెచ్చి ఇచ్చాడు.

"నాకా?" హెల్మర్ నీళ్ళు నమిలాడు.

"తీసుకో బావా, సిగ్గెందుకు?" అన్నాడు అల్వార్.

"నీ చోటు ఇక ఎవడడుగుతాడో చూస్తా!" స్టూరె అతని వీపు చరిచాడు. "ఇంతకీ స్కోపెలా ఉంది?"

హెల్మర్ కాఫీ పోస్తూ బావ వైపు ఓరగా చూశాడు. "బంగారం. ఎంత దూరమైనా పనిచేస్తుంది."

అందరూ గొల్లున నవ్వారు. వాళ్ళతో పాటు నవ్వుతూనే అల్వార్ కోటు జేబులో చెయ్యి పెట్టి, పొద్దున తన తుపాకీలోంచి రాలిన ఖాళీ తూటాను చప్పుడు కాకుండా గుప్పిట్లో బిగించుకున్నాడు.