మధ్యాహ్నం భోజనానికి రానామె

ఆ పొద్దున ఆకాశం మజ్జిగలా తెల్లగా లేచి, తొమ్మిదింటికల్లా నీలంగా తేరుకుంది.

గాలి లేదు. సముద్రం కదలకుండా పడుకుంది.

ఒంటిగంటకి ఓర్సోలా వసారాలోకి వచ్చి, గరిటెతో మూకుడు మీద టంగుటంగున కొట్టింది.

ఆమెది పూటకూళ్ళ ఇల్లు. వేసవిలో సముద్రపు గాలికి వచ్చినవాళ్ళు అక్కడే దిగుతారు, అక్కడే తింటారు.

గొడుగుల కింద పడుకున్నవాళ్ళంతా ఇసుక దులుపుకుని లేచారు. ఈతగాళ్ళని కనిపెట్టి ఉండే దువీలియో కూడా ఎత్తు కుర్చీ దిగాడు. వాడి భోజనమూ ఓర్సోలా దగ్గరే.

ఒక్కామె లేవలేదు.

ఆమె పేరు ఆర్జియా. డెబ్బై దాటిన మనిషి. కొండ అవతలి ఊరి నుంచి వారం రోజుల విశ్రాంతికని వచ్చింది. పొద్దున కాఫీ తాగుతుంది. రాత్రి అందరితో కూచుని తింటుంది. మధ్యాహ్నం మాత్రం నీళ్ళ అంచున కుర్చీ వేసుకుని కూచుంటుంది. రొట్టె ముక్క కూడా ముట్టదు.

వచ్చిన రోజు నుంచీ ఇదే వరస.

ఓర్సోలాకి అది మొహం మీద కొట్టినట్టుంది. తన చేతి వంట వద్దన్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

ఆ రోజు ఉండబట్టలేక ఇసుకలో నడిచి వెళ్ళింది.

"ఏం సిన్యోరా, నా వంట సయించడం లేదా?"

"సయించకేం తల్లీ. రాత్రి మారు అడిగి వేయించుకున్నానుగా."

"అయితే లేవండి. ఆల్చిప్పల పాస్తా చేశాను. చల్లారితే జిగురైపోతుంది."

"నాకు ఇక్కడే బావుంది."

"ఏముందని చూస్తున్నారు? నీళ్ళలో నరమానవుడు లేడు."

అది నిజమే. తిన్నాక మూడు గంటలు గడవందే ఆ తీరంలో ఎవరూ నీళ్ళలో దిగరు. దిగితే కడుపు పట్టేసి మునిగిపోతారని పిల్లలకి ఉగ్గుపాల నాడే చెబుతారు. అందుకే ఆ వేళ సముద్రానికి కాపలా అక్కర్లేదని అందరి ధీమా. తిన్నవాళ్ళు దిగరు. ఆ వేళకి తిననివాళ్ళు ఊళ్ళో ఉండరు.

ఓర్సోలా విసవిసా వెనక్కి వచ్చింది.

బల్ల దగ్గర అందరికీ అదే మాట అయింది. కట్టుడు పళ్ళయి ఉంటాయి, చిప్పలు ఏరుకోలేక సిగ్గుపడుతోందని ఒకావిడ తేల్చింది. సముద్రాన్ని ఎవరైనా ఎత్తుకుపోతారని భయమేమో అన్నాడు ఆవిడ మొగుడు. నా నౌకరీకి ఎసరు పెట్టేట్టుందన్నాడు దువీలియో, నోటినిండా పాస్తాతో.

ఆ నవ్వుల్లో నివెస్ కుర్చీ ఖాళీగా ఉన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

నివెస్ ఓర్సోలా మనవరాలు. ఏడేళ్ళది. పొద్దున తడికాళ్ళతో వంటింట్లోకి వచ్చిందని చీవాట్లు తింది. అన్నం తిననని అలిగింది. ఆకలేస్తే అదే వస్తుందని ఓర్సోలా ఊరుకుంది.

వసారాలో నవ్వులు ఇంకా ఆగలేదు. ఇసుక వైపు నుంచి ఒక కేక వచ్చింది. మాట కాదు, ఉత్త కేక.

దువీలియో మెడకి కట్టుకున్న చేతిగుడ్డతోనే పరిగెత్తాడు. వెనకాల అందరూ పరిగెత్తారు.

ఆర్జియా గొంతుదాకా నీళ్ళలో ఉంది. ఒంటి మీద గౌను, కాళ్ళకి మేజోళ్ళు అలాగే ఉన్నాయి. ఆమెకి ఈత రాదని ఆ నిలబడ్డ తీరే చెబుతోంది. రెండు చేతులతో నివెస్ తలని నీళ్ళ పైన పట్టుకుని ఉంది.

దువీలియో ఇద్దర్నీ ఒడ్డుకి లాగాడు.

పిల్ల నీళ్ళు కక్కింది. దగ్గింది. ఏడ్చింది. ఓర్సోలా దాన్ని గుండెకి హత్తుకుని అలాగే కూలబడింది.

"ఎందుకు దిగావే?"

"నేను తినలేదుగా అమ్మమ్మా. తిననివాళ్ళు దిగొచ్చుగా."



ఓర్సోలా తలెత్తి చూసేసరికి ఆర్జియా పైకి వెళ్ళిపోతోంది. పిల్లకి పొడిబట్టలు వెయ్యమని మాత్రం చెప్పింది.

సాయంత్రం ఓర్సోలా వెళ్ళి ఆమె గది తలుపు కొడితే, అలసిపోయానమ్మా, పడుకుంటానని లోపలి నుంచే అంది. పొద్దున చెబుదాంలే అనుకుంది ఓర్సోలా. ఏం చెప్పాలో కూడా మనసులో కూర్చుకుంది.

పొద్దున గది ఊడ్చి ఉంది. పక్క మడతపెట్టి ఉంది. ఓర్సోలా స్టేషన్‌కి పరిగెత్తింది. మొదటి బండి వెళ్ళిపోయింది.

తిరిగొస్తూ ఒరెస్తే దగ్గర ఆగింది. గొడుగులు అద్దెకిచ్చే ముసలాయన అతను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ ఇసుక మీదే ఉన్నాడు.

"ఒరెస్తే బాబాయ్, ఆమె నీకు తెలుసా?"

"తెలియకేం. ఏటా ఈ నెలలో వస్తుంది. ఏడాదికో ఇంట్లో దిగుతుంది. మీ గడప తొక్కడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది."

"ఆమె బిడ్డ ఇక్కడ పోయాడా?"

"ఆమెకి పిల్లల్లేరు అమ్మాయీ. నువ్వు ఈ ఇల్లు కొనకముందు సంగతి, కూచో చెబుతాను."

ఓర్సోలా ఇసుకలో కూచుంది. చాలాసేపటికి గాని లేవలేదు.

ఆ మధ్యాహ్నం బల్లలన్నీ ఇసుక మీదికి మోయించింది. కుర్చీలన్నీ సముద్రంకేసి తిప్పించింది. దువీలియో కంచాన్ని తనే తీసుకెళ్ళి ఎత్తు కుర్చీ మీదున్న వాడి చేతికి అందించింది. ఎందుకని అడిగినవాళ్ళకి, ఒరెస్తే చెప్పిన సంగతంతా చెప్పింది.

నివెస్‌ని ఒళ్ళో కూచోబెట్టుకుని, కొండలకేసి తిరిగి, ఒకసారి చేతులు జోడించింది.

నీళ్ళ మీద నుంచి చూపు తిప్పకుండా తిన్నారందరూ. ముప్పై ఏళ్ళ కిందట ఊరుగాని ఊరి పసివాడొకడు మునిగిపోయిన వేళ, కాపలా మనిషిని భోజనానికి కేకేసి, ఎత్తు కుర్చీ మీంచి దింపి, కొసరి కొసరి వడ్డించిన ఈ ఇంటి అప్పటి వంటమనిషి ఆర్జియా.