డోర్ నంబర్ ఒకటి

"మళ్ళీ ఆ మంగు. ఒక్క ప్లేటు ఇడ్లీ."

అనుపమ ఫోను చూపించగానే ఉమామహేశ్వరికి ఒళ్ళు మండింది.

"నిన్న ధరంపురా, మొన్న కుమ్హార్‌పారా, ఇవాళ ఇంకెక్కడో! ఈ మనిషికి ఇల్లూ వాకిలీ లేవా?"

ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ బజారులో ఉమామహేశ్వరి టిఫిన్ సెంటర్‌కి పదేళ్ళ పేరుంది. పెద్ద కంపెనీ యాప్‌లో చేరాక, ప్రతి ఆర్డరులోనూ వాళ్ళు కోసుకున్నది పోగా మిగిలింది పప్పులకి కూడా చాలేది కాదు. ఒకరోజు ఆవిడ అందులోంచి బయటికొచ్చేసింది.

"మన యాప్ మనమే చేసుకుందాం," అంది కూతురు అనుపమ. అనడమే కాదు, చేసింది కూడా.

పార్సిళ్ళు అందించడానికి తెలుగు సరిహద్దులోని కోంటా నుంచి వచ్చిన దేవే అనే అమ్మాయి తన స్కూటీతో సహా చేరింది.

అంతా బాగానే ఉంది. అడ్రసులే కొంప ముంచాయి.

యాప్‌లో డోర్ నంబర్ తప్పనిసరి అని పెట్టింది అనుపమ. ఆ సందుల్లో డోర్ నంబర్లు ఎవరికి గుర్తు? గడి నింపందే ఆర్డరు కదలదు కాబట్టి, చేతికి వచ్చింది కొట్టేశారు జనం. అందరికీ వచ్చింది ఒకటే అంకె. దాంతో ఊళ్ళో సగం ఇళ్ళు ఒకటో నంబరు ఇళ్ళయిపోయాయి.

మ్యాపు చూపించిన చోట గోడ ఉండేది. ఇడ్లీలు చల్లారి వెనక్కి వచ్చేవి.

"ఇంకో నెల ఇలాగే సాగితే షాపు మూసెయ్యడమే," అని ఉమామహేశ్వరి రోజూ అంటూనే ఉంది.

అంత కష్టం మధ్యన ఈ మంగు ఒకడు!

ఇడ్లీ ఇవ్వడానికి వెళ్ళిన దేవే గంట తరవాత వచ్చింది.

"ఇంతసేపా?"

"ఆ తాత ఊకె పోనియ్యడక్కా. రోజూ ఇదే తంతు, సందంతా తిప్పుతడు. ఏ ఇల్లు ఎవరిదో చెప్పి, ఫోన్ల రాసుకో అంటడు. రాసేదాక పొట్లం ముట్టడు."

ఉమామహేశ్వరి కళ్ళు చిన్నవయ్యాయి.

"ఇంకా అర్థం కాలేదా? వాడు పెద్ద కంపెనీ మనిషి. మన గిరాకీ ఎవరో, మనం ఏ దారిన పోతున్నామో కూపీ లాగుతున్నాడు. బ్లాక్ చెయ్!"

"అమ్మా, ఇరవై రోజులుగా తెప్పించుకుంటున్నాడు. ఒక్కసారి కూడా..."

"చెయ్యమన్నానా!"

అనుపమ చేసింది.

దేవే రాసుకొచ్చిన గుర్తుల్ని మాత్రం పారెయ్యలేదు. ఏ ఇంటి గుర్తులు ఆ ఇంటివాళ్ళ పేరు కింద చేర్చి, పార్సిల్ చీటీ మీద అచ్చయ్యేలా పెట్టింది.

వారం తిరిగేసరికి గోంచా రథాల పండగ వచ్చింది. తెల్లారకముందే ఆర్డర్లు మొదలై యాభై రెండుకి చేరాయి. ఇంతలో వాన పట్టుకుంది. వానతోపాటే టవరూ పోయింది.

మ్యాపు తెల్లబడింది. పెద్ద కంపెనీ వాళ్ళు బళ్ళు పక్కన పెట్టి, షాపుల చూర్ల కింద నిలబడిపోయారు.

"అయిపోయింది," అని తల పట్టుకుంది ఉమామహేశ్వరి.

దేవే మొదటి చీటీ చదివింది.

'నీలం తలుపు. వానొస్తే ముందు సందుల మోకాలంత నీళ్ళు. పిండిగిర్ని ఎనకనుంచి పో.'

అలాగే పోయింది.

'ముసలామెకు వినరాదు. గొలుసు కొట్టు.'

కొట్టింది.

'కుక్క మొరుగుతది. కరవది.'

కరవలేదు.

పది దాటకుండా యాభై ఒక్క పొట్లాలు వేడివేడిగా చేరిపోయాయి! టవరు రాగానే ఫోన్లు మోత మోగాయి. మెచ్చుకునేవాళ్ళు కొందరు, మధ్యాహ్నం భోజనం చెప్పేవాళ్ళు కొందరు. పదేళ్ళలో ఉమామహేశ్వరి ఇంత గర్వపడ్డ రోజు లేదు. తడిసిన బట్టలతోనే ఉన్న దేవేని గట్టిగా వాటేసుకుంది.

సాయంత్రం ఎదురుగా హోటల్ నడిపే హరిప్రసాద్ వచ్చాడు.

"ఉమక్కా, మమ్మల్ని కూడా మీ యాప్‌లో చేర్చుకోండి. మా వెనక ఇంకో ఇద్దరున్నారు. అవునూ, మ్యాపే చేతులెత్తేస్తే మీకు దారులెలా తెలిశాయి?"

"మా దేవే అంటే ఏమనుకున్నావు!"

దేవే తలొంచుకుంది.

"నాకేం ఎరుకక్కా? అన్నీ ఆ తాత చెప్పినయే."

ఉమామహేశ్వరి కూతురి వైపు తిరిగింది.

"ఆయన్ని బ్లాక్‌లోంచి తీసెయ్, అనూ."

తీసింది. ఫోన్ చేసింది. కలవలేదు.

మర్నాడు ఉమామహేశ్వరి తనే బయలుదేరింది. దొరక్క వెనక్కొచ్చిన ఆ ఒక్క పార్సిల్ తాలూకు చీటీ చేతిలో ఉంది.

'లక్మే. డోర్ నంబర్ ఒకటి.'

కింద గుర్తులేమీ లేవు.

అడిగీ అడిగీ ఆ ఇల్లు పట్టుకునేసరికి కాళ్ళు పీకేశాయి. లక్మే కోంటా వైపు మనిషే. అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"నిన్న మీ ఇల్లు దొరకలేదమ్మా. తప్పు మాదే. ఇదిగో, వేడివి తెచ్చాను."

"ఎట్ల దొరుకుతది? మా సందు ఒక్కటే మిగిలిపాయె. పోయిన వారం మంగన్న ఈ అరుగు మీదనే కూసోని ఫోను నొక్కిండు, నొక్కిండు. ఆర్డరు పోలే. బస్సు టైమైందని లేసిండు."

"ఏ ఊరు వెళ్ళాడు?"

"పామేడు. చెల్లెలి ఇంటికి. మోకాళ్ళు పోయినయి గదా, ఇగ అక్కడనే ఉంటడట. ఆడ ఫోను కలవది."

ఉమామహేశ్వరి పొట్లం అరుగు మీద పెట్టింది.

"ఇంతకీ ఎవరమ్మా ఆయన?"

లక్మే చేతిలో పని ఆపి వింతగా చూసింది.

"ఏంది, తెల్వదా? ముప్పై నాలుగేళ్ళు ఈ సందులన్నిట్ల ఉత్తరాలు పంచిన పోస్టుమన్ను; మీ స్కూటీ పిల్ల ఇండ్లు దొరక్క ఏడుస్తుంటే చూసి, తన దారులన్నీ ఆమెకు అప్పజెప్పి పోదామనుకున్నడు."