రెండో మిషన్‌లో లేని మార్పు

"మూత ఎత్తితే బ్లేడు తిరగదని మీరే జెప్తిరి గదక్కా. మరి ఎట్ల తిరిగె?"

నాగలత ఫోన్లో అడిగిన ఆ ఒక్క మాటకే పద్మప్రియ కర్నూలులో బస్సెక్కింది. బేతంచెర్లలో దిగేదాకా పళ్లు కొరుకుతూనే ఉంది.

2007 ఎండాకాలం. బండలు కోసే ఫ్యాక్టరీలో రెండో మిషన్ దగ్గర ఒకరి చేయి తెగి పన్నెండు రోజులైంది. బటన్ నొక్కిన రామాంజి, అంటే నాగలత భర్త, సబ్‌జైల్లో ఉన్నాడు. పగబట్టే నొక్కాడని ఓనరు రాఘవేంద్రప్రసాద్ పోలీసులకు చెప్పాడు.

మిషన్లను నడిపే ప్రోగ్రాం పద్మప్రియ రాసిందే. మూత ఎత్తి ఉంటే ఎవరు నొక్కినా బ్లేడు కదలకూడదు.

ఫ్యాక్టరీలో రెండు మిషన్ల మీదా 'వెర్షన్ 4' అనే స్టిక్కరు ఉంది.

"రెండూ ఒకటేనక్కా," అన్నాడు మిషన్లు చూసుకునే వాసుదేవ్.

"స్టిక్కరును నేను అడగలేదు."

ఆమె ప్రోగ్రాంకు నంబరు ఒట్టి పిలుపే. ఏయే మార్పులు చేరి అది తయారైందో, ఆ జాబితాయే అసలు గుర్తు. ఒక్కటి తీసేసినా అది వేరే వెర్షన్. రెండు జాబితాలూ ప్రింటు తీసింది. మొదటి మిషన్‌లో నలభై ఒక్క మార్పులు. రెండో దాంట్లో నలభై. లేనిది 'మూత ఎత్తితే బ్లేడు ఆగాలి'.

వాసుదేవ్ తల దించుకున్నాడు. "సారే తీసెయ్యమన్నాడక్కా. మాటిమాటికీ ఆగిపోతాంది, పని సాగడంల్యా అని."

"అనంగానే తీసేస్తివా?"

ఆమె కాగితాలు మడిచి నేరుగా ఓనరు ఇంటికి నడిచింది.

రాఘవేంద్రప్రసాద్ మెడదాకా దుప్పటి కప్పుకుని పడక్కుర్చీలో వాలి ఉన్నాడు. "నాలుగో వెర్షన్ మీరిచ్చిందే గదమ్మా."

"మేమిచ్చింది కాదు సార్, మీరు కోత పెట్టించింది. తప్పు మీది, జైల్లో రామాంజి."

"చేయి పోయిందమ్మా. ఎవరో ఒకరు జవాబు చెప్పాల గదా."

ఆ నిదానానికి ఆమెకు ఒళ్లు మండింది. "చెప్పాల్సింది మీరే. రేపు ఇవి రామాంజి లాయరుకు ఇస్తాండా. ముందు మీరు చదవండి."

కాగితాలు ముందుకు చాపింది.

అలవాటు కొద్దీ దుప్పటి తొలగించి అందుకోబోయిన రాఘవేంద్రప్రసాద్ కుడిచేతికి, మణికట్టు దాటాక ఏమీ లేదు.